ఫిక్స్ అనే మూడక్షరాల ఇంగ్లీషు మాట

మూడేళ్ళ క్రిందట బందరు నుండి తెచ్చుకొన్న పాత ఆల్బమును మా అమ్మాయి తిరగవేస్తూ, మా తల్లిదండ్రుల పెళ్ళి ఫోటో దగ్గర ఆగింది. 1974 వైశాఖంలో తీసిన నలుపు తెలుపు చిత్రమది. గోధుమరంగు మరక ఒకటి అమ్మ ముఖం మీదుగా ప్రాకి, బాసికాన్ని ఆనవాలు లేకుండా చేసి, నాన్నగారి భుజం దాకా వచ్చింది. "నాన్నా, దీన్ని ఫిక్స్ చెయ్యగలవా?" అని అడిగింది. "ఆనాడు సరిగా ఫిక్స్ చేయకపోవడం వల్లనే ఇలా అయిందమ్మా" అన్నాను. పిల్ల తెల్లబోయింది. పాడుకాని వస్తువును ముందే ఎలా బాగుచేస్తారని దాని సందేహం. న్యాయమైన సందేహమే. ఆనాడు దానికి చెప్పిన సమాధానాన్ని కొంచెం విస్తరించి ఇక్కడ వ్రాస్తున్నాను.

ఈ మాటకు మూలమైన లాటిన్ ధాతువుకు గుచ్చుట, నాటుట, బిగించుట అని అర్థం. గోడలో మేకు దిగగొట్టినట్లు కదలకుండా చేయడమన్న మాట. బాగుచేయడం అనే అర్థం చాలాకాలం తరువాత అమెరికాలో ప్రబలింది. 1842లో ఈ దేశం చూడవచ్చిన చార్లెస్ డికెన్స్, అమెరికనులు ఈ ఒక్క మాట చేత ఎంత చాకిరీ చేయించుకొంటున్నారో గమనించి, 'అమెరికన్ నోట్స్' అనే తన యాత్రాగ్రంథంలో హాస్యంగా ప్రస్తావించాడు. బట్టలు కట్టుకోవడమూ ఫిక్సే, భోజనపు బల్ల సర్దడమూ ఫిక్సే, వైద్యుడు రోగం కుదర్చడమూ ఫిక్సే! నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో ప్రక్కింటి ఆవిడ తమ కుక్కను ఫిక్స్ చేయించామని చెబితే, ఏ కాలు విరిగిందని సానుభూతితో అడిగాను. ఆవిడ నవ్విన నవ్వు ఈనాటికీ మరువలేదు. సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేయించడమని తరువాత ఒక మిత్రుడు చెప్పాడు.

తెలుగులో ఈ చిక్కు లేదు. సైకిలుకు మరమ్మతు చేస్తాము, సంబంధం కుదురుస్తాము, ముహూర్తం పెట్టుకొంటాము, ధర ఖాయం చేస్తాము. పప్పుకూ పులుసుకూ పాయసానికీ మనకు వేరువేరు గరిటెలున్నాయి. ఇంగ్లీషు ఒక్క గరిటెతోనే అన్నీ వడ్డిస్తుంది.

రసాయన శాస్త్రం మాత్రం ఈ మాట పాత అర్థాన్ని విడిచిపెట్టలేదు. పారిపోయేదాన్ని పట్టి నిలపడమే మాకు ఫిక్స్. వేడి తగిలితే ఆవిరైపోయే పాదరసాన్ని నిలపాలని ఐరోపా రసవాదులు పాటుపడ్డారు. మన రసశాస్త్ర గ్రంథాలు అదే ప్రయత్నాన్ని రసబంధం అన్నాయి. 1750ల్లో స్కాట్లండుకు చెందిన జోసెఫ్ బ్లాక్, సున్నపురాయిలో బందీగా ఉండి, కాల్చినప్పుడు వెలువడే వాయువుకు 'ఫిక్స్‌డ్ ఎయిర్' అనే పేరు వాడాడు. అదే మనకు తెలిసిన కార్బన్ డయాక్సైడు.

గాలిలో 78 పాళ్ళు నత్రజనే. అయినా పైరుకు అది అక్కరకు రాదు. నత్రజని అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో పెనవేసుకొని ఉంటాయి. ఆ ముడి విప్పడం కష్టం. 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ ఉదజనితో కలిపి దానిని అమోనియాగా మార్చి చూపాడు. కార్ల్ బాష్ ఆ పద్ధతిని పరిశ్రమ స్థాయికి తీసుకొనిరాగా 1913లో ఓపావులో కర్మాగారం వెలసింది. అందుకు ఇనుప ఉత్ప్రేరకం, నాలుగు వందల డిగ్రీలకు పైబడిన వేడి, వాయుమండల పీడనానికి వందరెట్లు మించిన ఒత్తిడి కావలసివచ్చాయి. ఆ పనినే రైజోబియం అనే సూక్ష్మజీవి జనుము, జీలుగ, పిల్లిపెసర వేళ్ళ బుడిపెలలో కూర్చుని, మామూలు నేల వేడిమిలోనే సాగిస్తుంది. మన రైతులు జీలుగ చల్లి, పూతకు రాగానే దమ్ములో కలియదున్నడంలోని రహస్యమిదే. పని జరుగుతున్న బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబిరంగు కనబడుతుంది. ఆ రంగునిచ్చే పదార్థం మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం. పాఠ్యపుస్తకాలు దీనిని నత్రజని స్థాపన అన్నాయి. చక్కని మాట.

మా అమ్మమ్మగారి ఊరు పెడన. అక్కడి కలంకారీ పనివారు రసాయన శాస్త్రం పేరు చెప్పకుండానే నాకు ఈ పాఠం నేర్పారు. ముందు బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ వగరు నూలుకు పడుతుంది. పాలలోని కొవ్వు రంగును ప్రక్కకు ప్రాకనివ్వదు. తుప్పు ఇనుము, బెల్లం కుండలో పులియబెట్టిన నీటిని అచ్చుతో అద్దితే, ఆ వగరుతో కలిసి నల్లని గీత అవుతుంది. ఎరుపు కావలసినచోట పటిక అద్దుతారు. ఆ తరువాత ఎర్రరంగు నీళ్ళలో బట్టంతా ఉడికించినా, పటిక ఉన్నచోటనే ఎరుపు నిలుస్తుంది. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో నూలు పోగును, మరొక చేత్తో రంగు అణువును పట్టుకొంటుంది. ఇటువంటి పదార్థానికి ఇంగ్లీషువారు 'కొరికేది' అని అర్థమిచ్చే ఫ్రెంచి మాట అరువు తెచ్చుకొన్నారు. పెడనలో 'రంగు పట్టింది' అంటారు. నా మటుకు ఆ మాటే బాగుంది.

అత్తరులో చందనతైలం చేసే పనీ ఇటువంటిదే. త్వరగా ఎగిరిపోయే పరిమళాన్ని పట్టి ఉంచుతుంది.

ఇక మా అమ్మ ఫోటో సంగతి. ఫోటో కాగితం పూతలో వెండి లవణాలుంటాయి. వెలుతురు సోకినవి డెవలపరులో నల్లని వెండిగా మారతాయి. సోకనివి అలాగే మిగిలిపోతాయి. వాటిని తొలగించకపోతే, వెలుతురులోకి తేగానే అవి కూడా నల్లబడి బొమ్మను మింగివేస్తాయి. వాటిని కరిగించేదే హైపో, అనగా సోడియం థయోసల్ఫేటు. దానికి ఈ గుణమున్నదని జాన్ హెర్షెల్ 1819లోనే కనుగొన్నాడు. 1839లో ఫోటోగ్రఫీ పుట్టగానే అది అక్కరకు వచ్చింది. ఈ మెట్టుకే ఫిక్సింగ్ అని పేరు. అయితే అదే హైపోను మళ్ళీ మళ్ళీ వాడితే సత్తువ తగ్గి, నీటికి సులువుగా లొంగని వెండి సమ్మేళనాలు కాగితంలోనే ఉండిపోతాయి. కడుగుడు చాలకపోతే హైపో కూడా పోగులలో దాగి ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అందులోని గంధకం వెండిని పట్టి గోధుమరంగు సల్ఫైడుగా మారుస్తుంది. తేమ, వేడి దానికి తోడు. వైశాఖమాసపు నీటి ఎద్దడిలో, పెళ్ళిళ్ళ రద్దీలో, ఆ స్టూడియోవారు రెండు బిందెల నీళ్ళు ఆదా చేసి ఉంటారని నా ఊహ.

మందులతో ఆ మరకను పోగొట్టబోతే ఉన్న బొమ్మ కూడా పోయే ప్రమాదముంది. నేను రసాయన శాస్త్రజ్ఞుడిననే ధీమాతో ఆ పని చేయలేదు. మీ ఇళ్ళలో ఇటువంటి ఫోటోలుంటే ముందు స్కానుచేసి పెట్టుకోండి. జిగురు పేజీల ఆల్బముల నుండి, మెత్తని ప్లాస్టిక్ తొడుగుల నుండి తప్పించి, ఆమ్లం లేని కాగితపు కవరులో, చల్లని పొడి చోట ఉంచండి. అటకమీద, బేస్‌మెంటులో వద్దు.

మా అమ్మాయి ఆ స్కానును కంప్యూటరులో పెట్టుకొని మరకను కొంచెం కొంచెంగా చెరుపుతూ వచ్చింది. ముఖం దగ్గరకు వచ్చేసరికి, "నాన్నా, నానమ్మకు దిష్టిచుక్క ఏ బుగ్గమీద పెట్టారు?" అని అడిగింది. నాకేం తెలుసు? బందరుకు ఫోను చేశాము. అమ్మ ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

"ఎడమ బుగ్గమీదనే తల్లీ. మా అమ్మే పెట్టింది."