మందుల చీటీ చదువుదాం

జ్వరం వస్తుంది. డాక్టరు గారి దగ్గరకు పోతాం. ఆయన చూసి చీటీ రాస్తారు. షాపాయన మందులు సంచిలో వేసి "మూడు వందల నలభై" అంటాడు. కొంగుముడి విప్పి ఇస్తాం. ఏ మందు ఎంతో అడగం. "చదువురాని వాళ్లం, మనకేం తెలుస్తుంది?" అనుకుంటాం.

ఇప్పుడు మనకు చదువు వచ్చింది. చీటీ ఇంగ్లీషులోనే ఉంటుంది, నిజమే. కానీ దాని మీద అంకెలు మనం నేర్చుకున్నవే. ముందు అవి చదువుదాం.

చీటీ మీద అంకెలు

చాలా చీటీల్లో మందు పేరు పక్కన 1-0-1 అని రాస్తారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని అర్థం. అంటే రోజుకు రెండు. ఐదు రోజులకు ఎన్ని?

2 × 5 = 10 మాత్రలు.

షాపులో 15 ఇస్తే, "పది చాలన్నా" అని చెప్పాలి.

షీటు మీద అంకెలు

మాత్రల షీటు వెనక ధర ఉంటుంది. పన్నులు అందులోనే కలిసి ఉంటాయి. అంతకు మించి ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కరలేదు. తయారైన నెల, గడువు తీరే నెల కూడా ఉంటాయి. షీటు కత్తిరించి ఇస్తే, గడువు ఉన్న ముక్క చూపించమనాలి. బిల్లు అడిగి తీసుకోవాలి.

మందు ఒకటే, పేర్లు ఎన్నో

ఒకే పిల్లను అమ్మమ్మ బుజ్జి అంటుంది. నాయనమ్మ చిట్టి అంటుంది. పిల్ల మాత్రం ఒక్కతే. మందు కూడా అంతే. క్రోసిన్, కాల్‌పాల్, డోలో అనేవి కంపెనీలు పెట్టుకున్న పేర్లు. వాటిలోని జ్వరం మందు అసలు పేరు పారాసిటమాల్.

కంపెనీ మారితే ధర మారుతుంది. చాలామంది డాక్టర్లు కంపెనీ పేరే రాస్తారు. అసలు పేరు రాయాలని డాక్టర్ల నియమాల్లో 2002లోనే ఉంది. అర్థమయ్యే అక్షరాలతో రాయాలని 2016లో చేర్చారు. కాబట్టి అడగడం తప్పు కాదు.

ఇలా అడుగుదాం: "డాక్టరు గారూ, వీటిలో తప్పకుండా వాడాల్సినవి ఏవండీ? ఇదే మందు తక్కువ ధరలో ఉంటే రాయండి."

సూది వేయమని, సెలైన్ ఎక్కించమని మనమే అడగవద్దు. మామూలు జలుబు యాంటీబయాటిక్ మందుతో తగ్గదు. డబ్బు దండగ.

బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు

వీళ్లు రోజూ మందు వాడాలి. ఖర్చు భరించలేక కొందరు రోజు విడిచి రోజు మింగుతారు. కొందరు మొత్తం మానేస్తారు. అది ప్రమాదం. పక్షవాతం రావచ్చు. గుండెపోటు రావచ్చు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ మందులు ఉచితంగా ఇస్తారు. జన ఔషధి షాపుల్లో అసలు పేరుతో తక్కువ ధరకు అమ్ముతారు. ఈ పథకం 2008లో మొదలైంది. అయితే డాక్టరును అడగకుండా మందు మార్చవద్దు, మానవద్దు.

లెక్క చేద్దాం

రోజుకు 2 మాత్రలు. నెలకు 60. షీటుకు 10 చొప్పున 6 షీట్లు. ఒక షాపులో షీటు 60 రూపాయలు, ఇంకో షాపులో అదే మందు 15 రూపాయలు అనుకుందాం.

6 × 60 = 360
6 × 15 = 90
నెలకు మిగిలేది 270 రూపాయలు. ఏడాదికి ఎంత?

ప్రశ్నలు

1. 1-1-1 అంటే రోజుకు ఎన్ని మాత్రలు? 3 రోజులకు ఎన్ని?
2. మీ ఇంట్లో ఉన్న షీటు రేపు కేంద్రానికి తీసుకురండి. ధర, గడువు చదివి అందరికీ చెప్పండి.