బతికున్న కణంలో ఎంజైమ్‌ను చూడటం



మన వేటపాలెంలో మగ్గం ఆపి గుడ్డ కొలిస్తే ఎంత నేశారో తెలుస్తుంది. నాడె ఎలా ఆడుతోందో తెలియాలంటే మగ్గం నడుస్తుండగానే చూడాలి. కణంలోని ఎంజైమ్‌ల సంగతీ అంతే.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్ మూడోసారి పాసయ్యారు. అమెరికాలోని హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. నీలిరంగు ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. కాని కండరాన్ని కొలవాలంటే నూరి రసం తీయాలి. అప్పటికే కణం చనిపోతుంది.

కణానికి శక్తినిచ్చే ఏటీపీని కూడా వారిద్దరూ 1929లో వెల్లడించారు. కైనేజ్ అనే ఎంజైమ్‌లు ఏటీపీలోని ఒక ఫాస్ఫేట్‌ను తీసి ప్రోటీన్‌కు తగిలిస్తాయి. కణం పెరుగుదలను నడిపే కైనేజ్‌లు అదుపు తప్పితే క్యాన్సర్ రావచ్చు.

మరి వాటిని బతికున్న కణంలో చూడటం ఎలా? జెల్లీచేపలో దొరికిన వెలుగు ప్రోటీన్‌తో రోజర్ సియెన్ ప్రయోగశాలలో 2001లో ఒక కైనేజ్ సెన్సర్ తయారైంది. దాని ఒక కొస నీలంగా, మరో కొస పసుపుగా వెలుగుతుంది. ఫాస్ఫేట్ తగలగానే సెన్సర్ వంగుతుంది. నీలం కొస శక్తి పసుపు కొసకు చేరి పసుపు వెలుగు పెరుగుతుంది. మైక్రోస్కోపులో రెండు వెలుగులనూ పోల్చితే ఎంజైమ్ ఎక్కడ, ఏ క్షణాన పనిచేసిందో తెలుస్తుంది. కైనేజ్‌ను ఆపే మందు వేశాక పసుపు తగ్గితే మందు పనిచేస్తున్నట్లే. కణం మాత్రం బతికే ఉంటుంది!

సుబ్బారావు గారి పద్ధతి "ఎంత" అని చెప్పింది. ఇది "ఎక్కడ, ఎప్పుడు" అని చెబుతుంది. రెండింటికీ రంగే ఆధారం. కాబట్టి ల్యాబులో రంగు మారగానే పరీక్షనాళిక కడిగేయకండి. ఎందుకు మారిందో అడగండి.