ఇళ్లు లేని ఊరు

మొదటి ప్రపంచ యుద్ధం పాఠంలో విన్న ఊరు ఇది. పేరు ఫ్లెరీ. ఈశాన్య ఫ్రాన్సులో, మ్యూజ్ నదికి తూర్పున, ఒక మిట్ట మీద ఉండేది. సేద్యం, కట్టెపని చేసుకునే 422 మంది జనం.

ఆ మిట్టే ఊరికి చేటు తెచ్చింది. దాన్ని పట్టుకుంటే కిందనున్న వెర్డన్ పట్టణం చిక్కినట్టే. 1916 ఫిబ్రవరిలో జనాన్ని ఖాళీ చేయించారు. జూన్ నుంచి ఆగస్టు లోపల జర్మన్లకూ ఫ్రెంచివాళ్లకూ మధ్య ఊరు 16 సార్లు చేతులు మారింది. ఒక్క ఇల్లూ మిగల్లేదు. నేలంతా పేలని గుండ్లే గనక యుద్ధం అయ్యాక కూడా ఎవరినీ కాపురం పెట్టనివ్వలేదు.

ఐనా ఫ్రాన్సు ఆ ఊరి పేరు కొట్టెయ్యలేదు. జనం లేకున్నా దానికి ఇవాళ్టికీ మేయర్ ఉన్నారు. ఓటేసేవాళ్లు లేరు కాబట్టి ప్రభుత్వమే నియమిస్తుంది. గుంతల మధ్య బాటలు వేసి, రొట్టెల కొట్టు ఎక్కడుండేదో, బడి ఎక్కడుండేదో గుర్తులు పెట్టారు.

మా ఇంట్లో తెలుగు, తమిళం రెండూ మాట్లాడతాం. మా ఇంటిపేరు ఒక ఊరి పేరే. అదెక్కడుందని అవ్వనడిగితే, "నేనూ చూడలేదమ్మా, పేరు మాత్రం విడవలేదు" అంది. ఫ్లెరీ గురించి చదివాక ఆ మాట అర్థమైంది. మీ ఇంటిపేరులో ఏ ఊరుందో ఈవేళే పెద్దవాళ్లనడిగి రాసుకోండి.