ఒంటరి పడవ

పిల్లలారా! మీలో చాలామంది యాంగోన్ నదిని దాటి దలా వెళ్ళి ఉంటారు. ఈసారి రేవులో నిలబడినప్పుడు సాంపాన్ నడిపే మనిషిని గమనించండి. అవతలి రేవు ఎదురుగా కనబడుతున్నా ఆయన పడవను తిన్నగా దానివైపు పోనివ్వడు. నీరు వచ్చే దిక్కుకు పడవ ముక్కును కొంత తిప్పి ఉంచుతాడు. ప్రవాహం పడవను పక్కకు నెడుతూ ఉంటుంది. ఆ రెండూ సరిపోయి, పడవ చివరకు రేవుకే చేరుతుంది.

మన నదిలో ఇంకొక విశేషం ఉన్నది. ఇక్కడికి సముద్రం సుమారు 40 కిలోమీటర్ల దూరమే. అందువల్ల రోజుకు రెండుసార్లు పోటు వచ్చి నీరు ఎగువకు పారుతుంది; రెండుసార్లు పాటు వచ్చి దిగువకు పోతుంది. ఆ వేళలు తెలిసినవాడికి నది సాయపడుతుంది. తెలియనివాడు చేతులు నొప్పిపుట్టేలా తెడ్డు వేసినా ముందుకు సాగలేడు.

ఇలా నీటి గుణం తెలుసుకుంటూ, ఒంటరిగా చిన్న పడవలో చాలా దూరం వెళ్ళిన ఒక మనిషి కథ చెబుతాను.

ఆయన పేరు ఆస్కర్ స్పెక్. జర్మనీ దేశస్థుడు, విద్యుత్ పనివాడు. 1932 నాటికి ఆ దేశంలో లక్షలమందికి పని లేదు. ఆయనకూ లేదు. సైప్రస్ దీవిలోని రాగి గనులలో పని దొరకవచ్చునని, ఉల్మ్ పట్టణం వద్ద డాన్యూబ్ నదిలో తన కయాక్‌ను దింపాడు.

కయాక్ అంటే సన్నని, తేలికైన పడవ. మంచు ప్రాంతాలలోని ఇన్యుయిట్ ప్రజలు చట్రం మీద సీల్ చర్మం బిగించి దీనిని మొదట తయారుచేశారు. తెడ్డుకు రెండు చివరలా రెక్కలుంటాయి. ఒకసారి ఎడమవైపు, ఒకసారి కుడివైపు వేయాలి. ఒకవైపే వేస్తే పడవ పక్కకు తిరిగిపోతుంది. స్పెక్ పడవ ఐదున్నర మీటర్ల పొడవు; చర్మానికి బదులు రబ్బరు పూసిన గుడ్డ; మడిచి మోసుకుపోవచ్చు.

డాన్యూబ్ దాటాక ఆయన వర్దార్ నదిలోకి దిగాడు. రాళ్ళ మీద దూకే ఆ నీటి వడికి పడవ దెబ్బతిన్నది. బాగుచేసుకొని సాగాడు. సైప్రస్ చేరాడు గాని అక్కడ ఆగలేదు. సిరియా నుంచి యూఫ్రటీస్ నది మీదుగా పారశీక సింధుశాఖకు, అక్కడి నుంచి తీరం వెంబడి భారతదేశానికి వచ్చాడు.

భారతదేశపు తూర్పుతీరం మీదుగానే ఆయన ఉత్తరానికి సాగాడు. కృష్ణా గోదావరులు సముద్రంలో కలిసేది ఆ తీరంలోనే. మన పూర్వులు పని వెదుక్కుంటూ ఓడలెక్కింది ఆ తీరపు రేవులలోనే. కోరంగి రేవు పేరు మీదనే తెలుగువారిని ఇక్కడ కోరంగీలు అన్నారు. స్పెక్ కూడా పని కోసం బయలుదేరినవాడే. 1936లో ఆయన పడవ బర్మా తీరం వెంట సాగింది.

దారిలో మలేరియా జ్వరం వచ్చింది. డబ్బు అయిపోయింది. అలాంటప్పుడు ఆగాడు, కుదుటపడ్డాక కదిలాడు. 1939 సెప్టెంబరులో ఆస్ట్రేలియాకు చెందిన ఒక దీవిని చేరేసరికి ఏడేళ్ళు గడిచాయి; సుమారు 50,000 కిలోమీటర్లు పూర్తయ్యాయి. కాని అదే నెలలో రెండవ ప్రపంచయుద్ధం మొదలయింది. పోలీసులు ఆయనను అభినందించి, శత్రుదేశస్థుడని నిర్బంధించారు. యుద్ధం ముగిసేవరకు ఆయన నిర్బంధ శిబిరంలోనే ఉన్నాడు.

పిల్లలారా! స్పెక్‌కు ఈత రాదు. ఈ విషయంలో మాత్రం ఆయనను అనుసరించకండి. ఈత నేర్చుకోండి, పడవ ఎక్కితే తేలే చొక్కా తొడుక్కోండి, పెద్దలు లేకుండా నదిలో దిగకండి. ఆయన నుంచి నేర్చుకోవలసినది ఓర్పు. ఎప్పుడు తెడ్డు వేయాలో, ఎప్పుడు ఒడ్డున ఆగాలో తెలియడమే నిజమైన ధైర్యం. మన సాంపాన్ నడిపేవారికి అది రోజూ తెలిసిన విద్యే.

కొత్త మాటలు
పోటు: సముద్రపు నీరు పెరగడం
పాటు: సముద్రపు నీరు తగ్గడం
వడి: వేగం
నిర్బంధించు: బయటకు పోకుండా బంధించు

ప్రశ్నలు
1. సాంపాన్ నడిపేవారు పడవ ముక్కును తిన్నగా ఎందుకు ఉంచరు?
2. స్పెక్ ఏ ఏ నదులలో ప్రయాణించాడు?
3. ఆయన ప్రయాణానికి, మన పూర్వుల ప్రయాణానికి పోలిక ఏమిటి?

చేయండి
మీ పూర్వులు ఏ ఊరి నుంచి, ఏ రేవు మీదుగా వచ్చారో ఇంట్లో పెద్దలను అడిగి ఐదు వాక్యాలు రాయండి.