రేవులోనే సిద్ధపడుట
(పాఠభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము)



వాన కురియుచుండగా ఇల్లు కప్పబోవువానిని చూచి మనము జాలిపడుదుము. చలిసముద్రము మీదికి పోవువారి సంగతియు అట్టిదే.

2017 సెప్టెంబరు 10న మన నౌకాదళపు స్త్రీలు ఆరుగురు ‘తారిణి’ యను తెరచాప పడవలో భూమిని చుట్టివచ్చుటకు గోవా నుండి బయలుదేరిరి. వారిలో విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదు ఐశ్వర్యయు మన తెలుగు బిడ్డలు. పడవ పొడవు సుమారు 17 మీటర్లు. న్యూజీలాండులోని లిటిల్టన్ రేవులో ఆగి, పడవను సరిచేసికొని, డిసెంబరు 12న మరల సాగిరి. అక్కడ అది వేసవియే. అయినను ముందున్న దక్షిణ సముద్రము మిగుల చల్లనిది. సుమారు 40 దినములు రేవు లేదు.

ఇట్టి ప్రయాణమునకు రేవులోనే చేయవలసినవి నాలుగు గలవు.

మొదటిది, పరీక్ష. ఒకరు తెరచాపకొయ్య చివరకెక్కి ప్రతి కమ్మితాడును, ప్రతి బిగింపును తడిమి చూడవలెను. పోగు తెగిన తాడు గాలివానలో కొయ్యనే కూల్చవచ్చును.

రెండవది, గాలివాన తెరచాప. ఇది చిన్నది, దళసరిది. దానిని చేతికందుచోట నుంచి, రేవులోనే ఒకసారి ఎత్తి చూడవలెను. చలికి మొద్దుబారిన వ్రేళ్లు చీకటిలో క్రొత్త పని నేర్చుకొనలేవు.

మూడవది, పొడి. తడిసిన నూలుబట్ట ఒంటివేడిని లాగివేయును; ఉన్ని తడిసినను కొంత వెచ్చదనము నిలుపును. మూసిన గదిలో మన ఊపిరియే గోడలకు నీరై పట్టును. గనుక గాలి పోవు త్రోవ యుంచి, మారుబట్టలను నీరు చొరని సంచులలో కట్టవలెను.

నాలుగవది, నడుముకట్టు. పడవ పొడవున తాడు బిగించి, పైకి వచ్చు ప్రతివారు దానికి తమ్మును తగిలించుకొనవలెను. చల్లని నీట పడినవాని చేతులు కొద్ది నిమిషములలోనే పట్టు తప్పును.

పౌలు ఎక్కిన ఓడవారు ఆయన హెచ్చరిక వినరైరి. వారిని మోసపుచ్చినది తుపాను కాదు. బయలుదేరిననాటి మెల్లని దక్షిణపు గాలి. పిమ్మట పెనుగాలిలో ఓడను త్రాళ్లతో చుట్టి కట్టవలసి వచ్చెను. 276 మంది ప్రాణములు దక్కెను గాని ఓడ దక్కలేదు. తారిణికిని పెనుగాలులు తగిలెను; అయినను 2018 జనవరిలో హారన్ అగ్రము దాటి, మే 21న గోవా చేరెను.

మనకు రేవు ఏది? ఇంట రోగము లేక, చేతికి పని దొరకుచున్న ఈ దినములే. తీర్చని అప్పు, అన్నదమ్ముల మధ్య ఆరని కోపము, మానివేసిన కుటుంబ ప్రార్థన, ఇవియే మన తెగిన పోగులు. మెల్లని గాలి వీచుచున్న ఈ వారముననే వాటిని వెదకి బాగుచేసికొందము.