సుషుప్తియందలి చైతన్యము – ఆధునికుల మానము

చైతన్యమును సంఖ్యతో కొలువవచ్చునని నేటి మస్తిష్కశాస్త్రజ్ఞులలో కొందఱి మతము. 2004లో జూలియో టొనోనీ ప్రతిపాదించిన ఇంటిగ్రేటెడ్ ఇన్ఫర్మేషన్ సిద్ధాంతము దీనికి మూలము. కపాలముపై నుండి అయస్కాంతశక్తితో మెదడును ఒక్కమాఱు కదలించి, అందు పుట్టు విద్యుత్స్పందన ఎంత సంకీర్ణమైనదో గణించు పద్ధతి 2013లో వెలువడెను. 2016లో 0.31 అను సంఖ్యను సీమగా నిర్ణయించిరి. జాగ్రత్స్వప్నములందు స్పందన ఆ సీమను మించును. గాఢనిద్రలో దానికి లోబడును. పలుకక, కదలక పడియున్న రోగికి లోపల ఎఱుక కలదా యని ఊహించుటకు ఈ మానము తోడ్పడుచున్నది. ఇది స్వల్పప్రయోజనము కాదు.

అయినను గాఢనిద్రలో సంఖ్య తగ్గుటచే చైతన్యమే తగ్గెననవచ్చునా? మా కోయిలకుంట్ల ప్రాంతమున జొన్నచేని మంచెపై ఒడలెఱుగక నిద్రించిన రైతు లేచి, హాయిగా పడుకొంటిని, ఏమియు తెలియలేదనును. ఇది స్మృతియని అద్వైతి. స్మృతి యనుభవపూర్వకము గావున అప్పుడు అజ్ఞానమునకు సాక్షియగు చైతన్యము ఉండవలయును. నైయాయికుడు దీని నంగీకరింపడు. మనస్సు పురీతన్నాడిని చేరినప్పుడు త్వఙ్మనస్సంయోగము లేదు. కావున జ్ఞానమును లేదు. రైతు పలికినది స్మృతి కాదు, లేచిన పిదప చేసిన అనుమానము. యంత్రము చూపు సంఖ్య పైకి నైయాయికపక్షమునకే అనుకూలముగా తోచును!

కాని యంత్రము కొలుచునది మెదడు వ్యాపారమును. అద్వైతికి అది దృశ్యకోటిలోనిది. సాక్షి దృశ్యము కాదు. కావున ఆ సంఖ్యచే అద్వైతము ఖండితమయ్యెననుట యుక్తము కాదు. ఆధునికశాస్త్రము మన ఉపనిషత్తులను రుజువు చేసినదని సభలలో పలుకుటయు అంతే అయుక్తము. ఈ రెండవదే మనలో హెచ్చు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1967లో మనస్తత్త్వ, పరామనస్తత్త్వశాస్త్రశాఖను నెలకొల్పిన కోనేరు రామకృష్ణారావుగారు (1932–2021) చైతన్యమును మనస్సును వేఱుపఱచియే విచారించిరి. 2002 నాటి వారి చైతన్యవిచారగ్రంథమును మన కళాశాలలలో చదివినవారు అరుదు.

పాశ్చాత్యులలోనూ ఏకవాక్యత లేదు. 2023లో నూఱుమందికి పైగా పండితులు టొనోనీ వాదమును శాస్త్రాభాస మనిరి. దానిని, బర్నార్డ్ బార్స్ 1988లో ఆరంభించిన గ్లోబల్ వర్క్‌స్పేస్ వాదమును, ఉభయపక్షములు ముందుగా సమ్మతించిన పరీక్షలకు గుఱిచేయగా, 2025లో ప్రకటితమైన ఫలితములు రెండింటి ముఖ్యాంశములకును ప్రతికూలములయ్యెను. వాదకథకు తగిన పద్ధతియే యిది.

2015లో ఈవన్ థాంప్సన్ అను తత్త్వవేత్త స్వప్నరహితనిద్రను గూర్చి వ్రాయుచు అద్వైతన్యాయముల యీ వివాదమునే ఆధారముగా గైకొనెను. ముక్తావళిని గురుముఖమున చదివినవారు ఇందు చెప్పదగినది ఇంకను చాల కలదు.