నిప్పులో పుట్టి నేలయిన రాయి

వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండలు మూసీనదికి జన్మస్థానం. ఆ కొండల పైభాగాన ఎర్రని లాటరైట్ రాయి, దాని కింద నల్లని బసాల్ట్ పొరలు ఉన్నాయి. అక్కడినుండి పడమరగా సాగి తాండూరు చేరితే సున్నపురాతి గనులు, నల్లరేగడి చేలు కనిపిస్తాయి. రాయి వేరు, మన్ను వేరు అని చూపరులకు తోచవచ్చు. కాని నేటి మన్ను ఒకనాటి రాయే. ఈ మార్పును గ్రహించడానికి ఆలివీన్ అనే ఖనిజం చక్కని ఉదాహరణ.

సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం దక్కను పీఠభూమిలో నేల పగుళ్ళ గుండా లావా పలుమార్లు పొంగి ప్రవహించింది. అది చల్లారి గట్టిపడగా ఏర్పడిన అగ్నిశిలలే దక్కను ట్రాపులు. ఇవి నేటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉన్నాయి. వీటి తూర్పు అంచుల్లో వికారాబాదు ప్రాంతం ఒకటి. తాండూరు బండలుగా ఇళ్ళలో పరిచే సున్నపురాయి మాత్రం అగ్నిశిల కాదు. అది బసాల్ట్ కంటే ఎంతో పూర్వం, ప్రాచీన సముద్రపు అడుగున పేరుకొన్న అవక్షేపశిల.

బసాల్ట్‌లోని ఖనిజాలలో అధికభాగం సిలికేట్లు. ఒక సిలికాన్ పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులు చేరిన అమరిక వీటన్నింటికీ మూలం. ఆలివీన్‌లో ఈ అమరికలు దేనికది ఒంటరిగా ఉంటాయి. మెగ్నీషియం, ఇనుము వాటిని కలిపి ఉంచుతాయి. పైరాక్సీన్‌లో అవి గొలుసులుగా, అభ్రకంలో పలకలుగా అల్లుకొంటాయి. ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్‌లలో నాలుగు దిక్కులా ముడిపడి గట్టి కట్టడంగా నిలుస్తాయి.

శిలాద్రవం చల్లారేటప్పుడు ఖనిజాలు ఒక వరుసలో ఏర్పడతాయని బొవెన్ అనే శాస్త్రవేత్త 1922లో వివరించాడు. ఆ వరుసలో ఆలివీన్ మొదటిది, క్వార్ట్జ్ చివరిది. 1938లో గోల్డిచ్ అనే మరొక శాస్త్రవేత్త ఎండవానలకు ఖనిజాలు శిథిలమయ్యే తీరును పరిశీలించి, అక్కడా ఇదే వరుస ఉన్నదని గుర్తించాడు. అంటే, అత్యధిక వేడిలో ముందుగా పుట్టిన ఆలివీనే నేలమీద ముందుగా నశిస్తుంది. చేయీ చేయీ పట్టుకొని నిలిచినవారిని చెదరగొట్టడం కష్టం. ఒంటరివారిని చెదరగొట్టడం తేలిక. ఖనిజాల విషయంలోనూ అంతే.

దక్కను బసాల్ట్‌లో ఆలివీన్ స్వల్పమే; పైరాక్సీన్, ఫెల్డ్‌స్పార్‌లే అధికం. వాననీరు గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను కరిగించుకొని బలహీనమైన ఆమ్లంగా మారి, ఈ ఖనిజాలను నెమ్మదిగా కరిగిస్తుంది. ఆలివీన్ మొదట ఎర్రబారి పొడి అవుతుంది. తక్కినవి క్రమంగా బంకమన్నుగా మారుతాయి. ఆ బంకమన్ను నీటిని పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో ఎండి పగుళ్ళు తీస్తుంది. నల్లరేగడి స్వభావం ఇదే. ఈ ప్రక్రియలో గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ కొంత తగ్గుతుంది. యుగాల తరబడి భూగోళపు వేడిని అదుపులో ఉంచిన కారణాలలో ఇది ఒకటి.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడి లోతైన నల్లరేగడిలో అట్టపల్గైట్ అనే బంకమన్ను ఖనిజం ఉండటం ఆ కంది విశిష్టతకు ఒక కారణమని చెబుతారు. అట్టపల్గైట్ కూడా మెగ్నీషియం గల సిలికేటే.

గట్టి రాయి పిడికెడు మన్నుగా మారడానికి శతాబ్దాలు పడుతుంది. గట్టు లేని వాలు చేనులో ఆ మన్ను కొద్ది వానలకే వాగుపాలు కావచ్చు. పోయిన మన్నును మళ్ళీ ఇవ్వడం బసాల్ట్‌కు సాధ్యమే కాని, అంతకాలం వేచి ఉండటం మనిషికి సాధ్యం కాదు. కనుక చేనికి గట్టు వేసి మన్నును నిలుపుకొనే రైతు, కోట్ల సంవత్సరాల ప్రకృతి శ్రమను కాపాడుతున్నవాడే.